మెనూ కార్డులో కుడివైపు చదివే అత్తగారు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. మా ఊళ్లో కొన్ని హోటళ్లు కలిసి పది రోజుల పాటు ఒకే ధరకి భోజనం పెడుతున్నాయి. మధ్యాహ్నం మనిషికి 399, రాత్రి 599. స్టార్టర్ ఒకటి, మెయిన్ కోర్సు ఒకటి, స్వీట్ ఒకటి, వాళ్లిచ్చిన వాటిలోంచి మనం ఎంచుకోవాలి. వచ్చే గురువారం మా అత్తమావల పెళ్లిరోజు. ఆ రోజు అందరికీ సెలవే. వాళ్లిద్దరు, మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప, మొత్తం ఆరుగురం. రెండున్నర వేలు దాటకుండా చూసుకోవాలి. అత్తగారు గురువారం నీసు ముట్టరు, ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. మావగారికి షుగర్. మా ఆయనకీ బాబుకీ బిర్యానీ లేకపోతే హోటల్‌కి వెళ్లినట్టే ఉండదు. కిందటిసారి తీసుకెళ్తే అత్తగారు ‘నాకు ఆకలి లేదు’ అని ఒక్క ప్లేటు ఇడ్లీ తిన్నారు. ఇంటికొచ్చాక మజ్జిగన్నం కలుపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండు హోటళ్లు అనుకుంటున్నాం. ఒకటి కొత్తది, ఏసీ ఉంది. అక్కడ పనీర్ టిక్కా లేదా మంచూరియా, పనీర్ బటర్ మసాలాతో నాన్ లేదా బిర్యానీ, ఆఖర్న ఐస్‌క్రీమ్. రెండోది పాతది, ఏసీ లేదు. అక్కడ బడీచూరా లేదా వంకాయ వేపుడు, అన్నంతో దాల్మా, సంతుళా, టొమాటో ఖటా, కావాలంటే చేపల బెసర, ఆఖర్న ఛెనాపొడ లేదా పాయసం. ఆఫర్‌లో వెళ్తే చులకనగా చూస్తారేమో, మిగిలినవి అంటగడతారేమో అని టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా, ఇంట్లోనే వండెయ్యమంటారా?
– ఒక కోడలు, బరంపురం

సమాధానం: వెళ్లండమ్మా. పాత హోటల్‌కే వెళ్లండి, గురువారమే వెళ్లండి, మధ్యాహ్నమే వెళ్లండి. నేనూ బరంపురం కోడలినే కాబట్టి మీ అత్తగారు నాకు బాగా తెలిసిన మనిషిలాగే ఉన్నారు. ముందు ఆవిడ ‘ఆకలి లేదు’ సంగతి మాట్లాడుకుందాం. మీరు అడిగిన మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

చాలా ఏళ్ల కిందట మా అమ్మ ఇచ్ఛాపురం నుంచి మా ఇంటికి వచ్చింది. గోపాల్‌పూర్ తీసుకెళ్లి సముద్రం చూపించి, తిరిగి వస్తూ ఒక హోటల్లో ఆగాం. మెనూ కార్డు అమ్మ చేతికే ఇచ్చాను, నీకు నచ్చింది చెప్పమ్మా అని. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. చూపుడు వేలు కార్డు మీద పెట్టి పై నుంచి కిందికి మెల్లగా జరుపుకుంటూ వస్తోంది. ఆ వేలు ఎడమవైపు పేర్ల మీద లేదు, కుడివైపు అంకెల మీద ఉంది. కిందికి వచ్చి ఒకచోట ఆగింది. అప్పుడు ఆ అంకె నుంచి ఎడమకి జరిపి, అక్కడున్న పేరు నాకు చూపించి ‘ఇదేమిటే’ అంది. కాల్చిన అప్పడం. ‘నాకిది చాలు, ఆకలి లేదు’ అంది. ఇంట్లో ఏటా అయిదారు వందల అప్పడాలు వత్తి ఎండబెట్టే మనిషి, కూతురి డబ్బు ఖర్చవుతుందని హోటల్లో అప్పడం అడిగింది. ఆ వేలు ఎలా జరిగిందో నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

మీ అత్తగారు కూడా ఇడ్లీ తిన్నది ఇడ్లీ మీద ఇష్టంతో కాదు. కొడుకు జేబు మీద ప్రేమతో. అది మీ మీద కోపమనో, మీ ఎంపిక నచ్చకనో అనుకుని మీరు ఏడ్చారు. ఆ బాధ ఇక పెట్టుకోకండి.

ఒకే ధర భోజనంలో నాకు నచ్చేది ఇదే. ఆ కార్డుకి కుడివైపు ఉండదు. బడీచూరా తీసుకున్నా అంతే, వంకాయ తీసుకున్నా అంతే. పెద్దవాళ్లకి మొదటిసారి పేర్లు చదివే అవకాశం వస్తుంది. తర్వాతెప్పుడో అమ్మని ఇలాంటి భోజనానికే తీసుకెళ్లాను. ‘ఏది తీసుకున్నా ఒకటేనా?’ అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకుంది. ఆ తర్వాత పది నిమిషాలు కార్డు వదల్లేదు. ఇందులో ఏం వేస్తారు, అది వేపుడా పులుసా, కొబ్బరి ఉంటుందా అని వడ్డించే అబ్బాయిని కూర్చోబెట్టినంత పని చేసింది. తిన్నాక ఉప్పు తక్కువైందని, వంకాయ ఇంకో నిమిషం వేగాల్సిందని వంకలు పెట్టింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆకలి లేదన్న మనిషి వంకలు పెట్టదు కదా. మీ అత్తగారు కూడా గురువారం వంకలు పెడితే అది మంచి శకునమే అనుకోండి.

అయితే ఒక జాగ్రత్త. కార్డులో అంకెలు లేకపోయినా 399ని ఆరుతో హెచ్చవేయడం ఆవిడకి వచ్చు. దాచకండి, ధర తక్కువ చేసి చెప్పకండి. తర్వాత తెలిస్తే ఇంకెప్పుడూ మీతో రారు. ముందురోజు రాత్రి మీ ఆయన చేత చెప్పించండి, ‘అమ్మా, రేపు మీ పెళ్లిరోజుకి నేను భోజనం మాట్లాడేశాను, అడ్వాన్సు కూడా ఇచ్చాను’ అని. ఆ మాట కొడుకు నోటి నుంచే రావాలి. అడ్వాన్సు నిజంగానే ఇవ్వండి, కొంతైనా సరే. ఇచ్చేసిన డబ్బు గురించి మన పెద్దవాళ్లు పేచీ పెట్టరు, వృథా కాకూడదని ఇంకాస్త తింటారు.

మావగారికి ఇంకోలా చెప్పండి. ఒక ధర కట్టి భోజనం చేయడం మనకి కొత్తేమీ కాదు. కౌంటర్లో మీల్స్ టికెట్ కొని, బల్ల మీద పెట్టి, పప్పు నుంచి పెరుగు దాకా తిని లేచిన తరం ఆయనది. ఇదీ అదే పద్ధతి. తేడా ఒక్కటే, మీల్స్ హోటల్లో అడిగినకొద్దీ వేస్తారు, ఇక్కడ ఒకసారి తెచ్చిందే. ఈ తేడా మాత్రం ముందే చెప్పండి. ‘ఇంకాస్త పప్పు వెయ్యి బాబూ’ అని ఆయన అడిగి, ఆ అబ్బాయి ‘అది విడిగా ఆర్డర్ చెయ్యాలి సార్’ అంటే పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు.

ఇక చులకనగా చూస్తారేమోనన్న మీ బెంగ. రెస్టారెంట్ వీక్ అనే ఈ ఏర్పాటు ఎలా పుట్టిందో తెలిస్తే ఆ బెంగ పోతుంది. 1992లో న్యూయార్క్‌లో డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ జరిగింది. ఊరి నిండా బయటివాళ్లు. అప్పుడు జో బామ్ అనే హోటల్ వ్యాపారీ, హోటళ్ల మీద గైడు పుస్తకాలు వేసే టిమ్ జగాట్ కలిసి, మామూలువాళ్లు అడుగుపెట్టడానికి జంకే ఖరీదైన రెస్టారెంట్లలో మధ్యాహ్న భోజనం ఒకే ధరకి పెట్టించారు. ఏడాదికి తగ్గట్టే ధర కూడా 19.92 డాలర్లు. ఆ కొద్ది రోజుల ముచ్చట జనానికి నచ్చి ఏటేటా సాగింది, ఊరూరికీ పాకింది. మన దేశంలో 2010లో ముంబైలో మొదలైంది. వాళ్లకి కావలసింది ఖాళీ బల్లలు నిండటం, ఇంతవరకూ తమ గుమ్మం తొక్కనివాళ్లు ఒకసారి లోపలికి రావడం. ఈ పది రోజులూ మిగిలే లాభం తక్కువే. మీరు మళ్లీ మామూలు రోజున పూర్తి ధరకి వస్తే వాళ్లకి గిట్టుబాటు. అంటే వాళ్లు పిలిచిన అతిథి మీరు. దానం పుచ్చుకోవడానికి వెళ్లడం లేదు. అడగాల్సింది గట్టిగానే అడగండి.

మిగిలినవి అంటగడతారా అన్నారు. నిజం చెప్పాలంటే, సరిగ్గా నడిపితే ఈ పది రోజుల్లోనే వంట తాజాగా ఉంటుంది. మామూలు రోజున వంటగదికి ఏది ఎంత పోతుందో తెలియదు. నూటయాభై రకాలు కార్డులో రాసి, అన్నిటికీ సరిపడా సరుకు ఫ్రిజ్‌లో పెట్టుకుని కూర్చోవాలి. ఒకే ధర భోజనంలో ఏడెనిమిది రకాలే. ఉదయం ఎంత కూరగాయ తేవాలో, ఎంత పప్పు పెట్టాలో లెక్క తెలుసు. వండింది వండినట్టు అయిపోతుంది. అందుకే తక్కువ ధరకి ఇవ్వగలుగుతారు.

అంటగట్టేది ఎప్పుడంటే, ఆఖరి రోజుల్లో. ఒకసారి ఇలాంటి ఆఫర్ చివరి రాత్రి తొమ్మిది దాటాక నేనూ మా ఆయనా వెళ్లాం. సూప్ గోరువెచ్చగా వచ్చింది. రెండు మెయిన్ కోర్సుల్లో ఒకటి అయిపోయిందన్నారు. స్వీటు స్థానంలో రెండు చాక్లెట్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. వండేవాళ్లు అలిసిపోయారు, సరుకు అయిపోయింది, మళ్లీ తెప్పిస్తే మిగిలిపోతుందని తేలేదు. వాళ్ల అవస్థ అర్థమైంది కానీ, మాకు ఇచ్చిన మాట మాట కాకుండా పోయింది. మీది చివరి రోజు కాకపోతే ఫర్వాలేదు. చివరి రోజే అయితే మాత్రం మొదటి బంతికే వెళ్లండి, పన్నెండున్నరకల్లా.

ఇప్పుడు మీరు రాసిన రెండు మెనూలు. నేను వాటిని చాలాసేపు చదివాను, నాకిష్టమైన పని కాబట్టి.

కొత్త హోటల్‌వాళ్లు పెట్టేది ఏడాది పొడవునా ఏ ఊళ్లోనైనా దొరికేదే. పనీర్ బటర్ మసాలా, నాన్, ఐస్‌క్రీమ్. ఇలాంటిచోట ఒక లెక్క వేసి చూడండి. ఆ హోటల్ మామూలు కార్డు తెప్పించుకుని, ఆఫర్ లేకపోతే మీరు నిజంగా ఏమేం ఆర్డర్ చేసేవారో వాటి ధరలు మాత్రమే కూడండి. ఆరుగురికి ఆరు స్టార్టర్లు, ఆరు ఐస్‌క్రీములు మీరు ఎప్పుడైనా చెప్పారా? రెండు కూరలు, పది నాన్లు, రెండు బిర్యానీలు చెప్పి అందరూ పంచుకుంటారు. అలా కూడితే చాలాసార్లు ఆఫర్ ధరే ఎక్కువ తేలుతుంది. బోర్డు మీద ‘750 విలువైన భోజనం 399కే’ అని రాసేది, మనం ఎప్పుడూ విడిగా కొనని వాటిని కూడా కలిపి.

ఇంకో అడ్డంకి ఉంది, మీ అత్తగారి ఉల్లి వెల్లుల్లి. అలాంటి హోటళ్లలో గ్రేవీ పొద్దున్నే పెద్ద గిన్నెతో చేసి పెట్టుకుంటారు, ఉల్లి, టొమాటో, వెల్లుల్లి అన్నీ వేసి మగ్గబెట్టి. పనీర్‌కీ అదే, మష్రూమ్‌కీ అదే, కోఫ్తాకీ కాస్త అటూ ఇటూగా అదే. మధ్యాహ్నం మీరు ‘ఉల్లి లేకుండా’ అంటే పైన చల్లే ఉల్లిపాయ తీసేస్తారు తప్ప గ్రేవీలోంచి తీయలేరు. ఆ అబ్బాయి అబద్ధమాడటం లేదు, అతనికి తెలిసిన ఉల్లి అదే.

పాత హోటల్ మెనూ చూడగానే నాకు నోరూరింది. గోడలకి రంగు లేకపోతే పోనీండి. దాల్మా అంటే కందిపప్పులో పచ్చి అరటి, బొప్పాయి, గుమ్మడి, వంకాయ, మునక్కాడ లాంటివి ముక్కలుగా వేసి ఉడికించి, నేతిలో పోపు పెట్టి, వేయించిన జీలకర్ర మిరపకాయల పొడి పైన చల్లుతారు. కొబ్బరి కూడా వేస్తారు. మన కలగూర పప్పుకి అక్క వరస, పులుపు ఒక్కటే ఉండదు. దాన్ని గుడి పద్ధతిలో ఉల్లి వెల్లుల్లి లేకుండా వండటం ఒడియా వంటవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. సంతుళా కూరగాయలన్నీ కలిపి మసాలా లేకుండా తేలిగ్గా వండేది, మావగారికి హాయిగా ఉంటుంది. ఖటాలో టొమాటోతో పాటు బెల్లమో పంచదారో, ఖర్జూరమో పడుతుంది, పుల్లపుల్లగా తియ్యతియ్యగా మన తియ్య పచ్చడిలా. ఇది అత్తగారి ముందుకు జరపండి, మావగారికి ఒక్క చెంచా. బడీచూరా మన మినప వడియాల్లాంటివే వేయించి, పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా నలిపేది. అందులో మాత్రం వెల్లుల్లి, ఉల్లి, పచ్చి ఆవనూనె వేయడం అలవాటు. కాబట్టి అత్తగారికి వంకాయ వేపుడు చెప్పండి, బడీచూరా మీరు తీసుకోండి. పోపులో సోంపు, నల్ల జీలకర్ర తగిలితే ఆవిడ ‘ఇదేం పోపు’ అనొచ్చు. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర అయిదూ కలిపి వేసే పంచఫుటణ అది. పేరు చెబితే ఆవిడకి తెలిసే ఉంటుంది, ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నారు కదా.

నాకు ఇంకో సంగతి కూడా అనిపిస్తుంది. మనం తరాలుగా ఇక్కడ ఉంటున్నాం. ఇంట్లో మాత్రం పప్పు, చారు, ఆవకాయ. పక్కింటివాళ్లు పండక్కి పంపే గిన్నెలోనే ఒడియా వంట రుచి చూస్తాం. పెళ్లిరోజున మీ అత్తమావలు ఈ ఊరి భోజనం దర్జాగా కూర్చుని తినడం నాకు ఎంతో నచ్చింది.

మీ ఆయన బిర్యానీ ఇంకో రోజుకి వాయిదా వెయ్యండి. మొహమాటం లేకుండానే చెప్తున్నాను. పెళ్లిరోజు ఆయనది కాదు, వాళ్లమ్మానాన్నలది. చేపల బెసర ఉంది కదా అంటారేమో, అది కూడా ఈ ఒక్క పూటకి వద్దు. అత్తగారు పక్కన నీసు వాసన వస్తే ముద్ద దిగక, పైకి చెప్పలేక మళ్లీ ‘ఆకలి లేదు’ దగ్గరికే వస్తారు. పైగా లక్ష్మీవారం వెళ్లడంలో ఒక లాభం ఉంది. మనలాగే ఒడియావాళ్లలో కూడా చాలా ఇళ్లల్లో సోమవారం, గురువారం నీసు తినరు. ఆ రోజు హోటల్‌కి వచ్చే పది మందిలో ఎక్కువమంది శాకాహారమే అడుగుతారు. అంటే దాల్మా వేడివేడిగా మళ్లీ మళ్లీ వండుతారు, కూరగాయల మీద వంటవాడి చెయ్యి నిలుస్తుంది. ఆదివారం వెళ్తే అదే దాల్మా ఒక మూలన చల్లారుతూ ఉంటుంది.

ఇప్పుడు అందరూ మర్చిపోయే సంగతి, వడ్డన వరస. ఈ ఆఫర్లలో ముందు స్టార్టర్, అది అయ్యాక పళ్లెం తీసేసి మెయిన్ కోర్సు, అదీ అయ్యాక స్వీటు తెస్తారు. మన పెద్దవాళ్లకి ఇది భోజనంలా ఉండదు. వంకాయ వేపుడు ఒక్కటే ప్లేటులో తెచ్చి పెడితే మీ అత్తగారు ‘అన్నం ఏదీ?’ అని చూస్తూ ఉంటారు. అన్నం వచ్చేసరికి వేపుడు చల్లారిపోతుంది, లేదా అయిపోతుంది. మన నాలుకకి పప్పూ వేపుడూ కలిసి కావాలి. అందుకని కూర్చోగానే వడ్డించే అబ్బాయిని పిలిచి ‘బాబూ, పెద్దవాళ్లిద్దరికీ అన్నీ ఒకేసారి తెచ్చి పెట్టు, స్వీటు మాత్రం ఆఖర్న’ అని చెప్పండి. అతనికీ ఒక తిరుగుడు తగ్గుతుంది, కాదనడు.

రెండోది పెరుగు. మీరు రాసిన మెనూలో ఎక్కడా పెరుగు లేదు. కిందటిసారి ఇంటికొచ్చి మజ్జిగన్నం తిన్నారని రాశారు చూడండి, అక్కడే దొరికిపోయింది అసలు సంగతి. ఇడ్లీతో కడుపు నిండలేదు సరే, నిండినా ఆ మజ్జిగన్నం పడకుండా ఆవిడకి భోజనం అయినట్టు ఉండదు. అందుకే విడిగా రెండు కప్పుల పెరుగు, ఒక ప్లేటు తెల్లన్నం చెప్పండి. ఆఫర్ బయట కొనే వస్తువులివి, కానీ నా దృష్టిలో ఆ రోజు మీరు పెట్టే ఖర్చులో అన్నిటికన్నా విలువైనది ఆ పెరుగే. దాల్మా అన్నం అయ్యాక ఆవిడ కంచంలో అడక్కుండానే పెరుగు పడాలి.

మావగారి షుగర్ గురించి నేను డాక్టర్ని కాదు, ఆయన రోజూ పాటించేదే పాటించండి. తినే వేళ దాటకుండా చూడండి, చాలు. పన్నెండున్నర అన్నది అందుకు కూడా. ఆయన వంతు స్వీటు వద్దనకండి, డబ్బు కట్టిందే కదా. ఛెనాపొడ అయితే పొట్లం కట్టి ఇమ్మనండి, పిల్లలకి సాయంత్రానికి వస్తుంది. పాయసం అలా పట్టుకెళ్లలేరు. అందరూ ఛెనాపొడే తీసుకోండి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. తాజా విరుగుడు పాలముద్దలో పంచదార, కాస్త రవ్వ కలిపి, ఆకులో చుట్టి నిప్పుల మీదో ఓవెన్లోనో కాలుస్తారు. పంచదార మాడీ మాడనట్టు గోధుమ రంగుకి తిరిగిన ఆ అంచు ఉంటుంది చూడండి, లోపల తెల్లగా మెత్తగా, పైన కాస్త చేదు తగిలే తీపి. ముక్క కోసేటప్పుడు ‘అంచు ఉన్న ముక్క ఇవ్వు బాబూ’ అని అడగండి. మా ఇంట్లో ఆ అంచు కోసం ఇప్పటికీ పోట్లాటే.

డబ్బు లెక్క. ఆరుగురికి ఆరు భోజనాలు వద్దు. అయిదేళ్ల పాప మూడు విడతల భోజనం తినదు, సగం పారేస్తుంది, అది చూసి అత్తగారు బాధపడతారు. అయిదు తీసుకోండి. అయిదు 399లు 1,995. దాని మీద జీఎస్టీ 5 శాతం వేస్తే 2,095 దాకా అవుతుంది. పాపకి విడిగా చెప్పే తెల్లన్నం, పెద్దవాళ్ల పెరుగు, వడ్డించే అబ్బాయికి ఇచ్చేది, అన్నీ మిగిలిన నాలుగు వందల్లో సరిపెట్టొచ్చు. పాపకి దాల్మా మీ పళ్లెంలోంచే కలపండి, పైన చల్లే కారప్పొడి లేకుండా తెమ్మని చెప్పి. ఒక భోజనాన్ని ఇద్దరు పంచుకోకూడదని కొన్నిచోట్ల నియమం పెడతారు, బల్ల మీద అందరూ ఆఫరే తీసుకోవాలని కూడా పెడతారు. ఇది వెళ్లాక కాదు, ముందే ఫోన్‌లో తేల్చుకోవాలి.

ఆ 399లో పన్ను కలిసి ఉందా లేదా అన్నది కూడా అడగండి. మామూలు రెస్టారెంట్లకి జీఎస్టీ 5 శాతమే. రోజుకి గది అద్దె 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లకి 18 శాతం. మీది అలాంటిది కాదు. కాంపోజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారులు తక్కువ శాతం పన్ను తామే కట్టుకునే పద్ధతిలో ఉన్న హోటల్ అయితే అసలు మీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఆ సంగతి వాళ్ల బిల్లు మీదే రాసి ఉండాలి. ఇక సర్వీస్ చార్జీ అని పది శాతం కలిపితే మీకు ఇంకో రెండు వందలు పడుతుంది, అది కట్టాలన్న బలవంతం లేదు. బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమంటే తీసేస్తారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఆ మాట అత్తమావల ముందు ఎత్తకండి, మీ ఆయన్ని కౌంటర్ దగ్గరికి పంపండి. పెళ్లిరోజున బల్ల దగ్గర బిల్లు గొడవ జరిగితే తిన్నదంతా వాళ్లకి విషమైపోతుంది. నీళ్ల సీసా కూడా ఆఫర్‌లో ఉండదు, అడక్కుండానే మూత తీసి పెట్టేస్తారు. మామూలు నీళ్లు చాలని కూర్చోగానే చెప్పండి.

సర్వీస్ చార్జీ తీయించాం కదా అని వడ్డించిన అబ్బాయికి ఏమీ ఇవ్వకుండా రాకండి. ఈ రోజుల్లో అతనికి మామూలుకంటే రెట్టింపు తిరుగుడు, ఒక్కో బల్లకీ మూడు విడతలు మోయాలి. చేతికి నేరుగా నగదు ఇవ్వండి, వీలైతే మావగారి చేత ఇప్పించండి. ఆయన పెద్దరికం నిలబడుతుంది.

ఫోన్ మంగళవారంలోగా చేయండి, మధ్యాహ్నం మూడు నాలుగు మధ్య. అప్పుడు హోటల్ ఖాళీగా ఉంటుంది, మేనేజరు మీ మాట వింటాడు. ఒడియాలో మాట్లాడినా తెలుగులో మాట్లాడినా ఫర్వాలేదు, మన ఊళ్లో రెండూ నడుస్తాయి. ‘గురువారం పన్నెండున్నరకి ఆరుగురం, అయిదు భోజనాలు, అన్నీ వెజ్. ఒకటి ఉల్లి వెల్లుల్లి లేకుండా కావాలి. ఫ్యాన్ కింద బల్ల ఇవ్వండి’ అని చెప్పండి. ‘ఆజ్ఞా, హెబొ’ అంటాడు, అలాగేనండి అని. అంతటితో ఫోన్ పెట్టేయకండి. ‘దాల్మాలో మీరు ఏమేం వేస్తారు?’ అని అడగండి. ‘ఒక్క నిమిషం’ అని లోపలికి కేకేసి వంటవాణ్ని కనుక్కుని చెప్తే ఆ హోటల్‌ని నమ్మండి. ‘ఏమీ వెయ్యం మేడమ్, అంతా ప్యూర్ వెజ్’ అని గబగబా అనేస్తే, మీ ఆయన్ని సాయంత్రం ఒకసారి అడ్వాన్సు వంకతో పంపించి వంటవాణ్ని నేరుగా అడగమనండి.